పక్క లాడ్జికి దారి చూపే మాటలు

ఆగస్టు పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం. ఉన్నవాళ్ళు: తమ్ముడు, మరదలు, వాళ్ళ కూతురు, నేను. చోటు: తిరుపతిలో మా లాడ్జి ఆఫీసు గది.

డైరీలో ఇంతవరకు రాసి ఆపేశాను. మిగతాది రాసే ఓపిక లేకపోయింది. ఇప్పుడు రాస్తున్నాను.

లాడ్జి తమ్ముడిది. వాళ్ళు కింద వెనక వాటాలో ఉంటారు. నా భార్య పోయాక నేను కూడా కిందే, ఆఫీసు పక్క గదిలో ఉంటున్నాను. మాది ఆసుపత్రుల వీధి. యాత్రికులు ఇటు రావడం తగ్గిపోయి, పై గదులు సగానికి పైగా ఖాళీగా ఉంటున్నాయి. ఒక కాంట్రాక్టరు భవనం మొత్తం లీజుకు అడిగాడు. నెలాఖరులోగా మాట చెప్పాలి. ఇస్తే తమ్ముడు ఇల్లూ వదలాలి, పనీ వదలాలి. అరవై దాటాక ఇంకొకరి లాడ్జిలో గుమాస్తాగా కూర్చోవాలి.

వద్దన్నది వాళ్ళమ్మాయి ఒక్కతే. ఆమెది ఇంటి నుంచే ఎవరెవరి వెబ్‌సైట్లనో చక్కబెట్టే ఉద్యోగం. ఒక వారం గడువు అడిగి, ఆ మధ్యాహ్నం మమ్మల్ని కూర్చోబెట్టింది.

"మన సైటు ఎవురికీ కనపడదు నాయనా. 'తిరుపతిలో రూములు' అని కొడితే పెద్ద పెద్ద బుకింగ్ కంపెనీలే పైన ఉండాయి. మనం యాడో అడుగున ఉండాం. ఈదికొస లాడ్జి మనకంటే చిన్నది, అయినా దినామూ నిండతాంది. వాళ్ళ సైటుకు జనం ఏం మాటలు కొట్టి వస్తాండారో చూసినా."

"పక్కోడింట్లో ఏం వండినారో వాసన చూసేదానికి గూడా కంప్యూటరేనా?" అన్నాడు తమ్ముడు.

"వాసన కాదు నాయనా. చుట్టాలంతా వాళ్ళింటికే ఎందుకు పోతాండారో చూస్తాండా."

నాకు అది కొత్త పనిలా అనిపించలేదు. బస్సు డిపోలో టైం టేబుళ్ళు వేసే రోజుల్లో, ప్రైవేటు బస్సులు ఏ స్టాపులో, ఏ వేళకు జనాన్ని ఎక్కించుకుంటున్నాయో ఎండలో నిలబడి రాసుకునేవాళ్ళం. మా బస్సు ఆగనిచోట మనుషులు ఎందుకు నిలబడ్డారన్నదే లెక్క. అందుకని కాగితం తీసుకుని గళ్ళు గీశాను. మన సైటులో ఉన్న మాటలు ఒక గడిలో, వాళ్ళకు ఉండి మనకు లేనివి ఇంకో గడిలో.

మన గడిలో తమ్ముడు రాయించిన వాక్యాలే. భక్తులకు స్వాగతం, ఏడుకొండలు కనిపించే మేడ, అలాంటివి. రెండో గడికి అమ్మాయి చదువుతూ పోయింది. ఆపరేషన్ అయినాక ఉండటానికి రూము. వంట చేసుకునే రూము. నెలకు రూము. ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలో రూము. మెట్లు లేని రూము. కొన్ని తెలుగులో, కొన్ని అరవంలో, ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి. నా భార్యను వేలూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేనూ ఇవే మాటలు అడుగుతూ వీధులు తిరిగాను. నాలుగో మాట దగ్గర కలం పక్కన పెట్టి, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

వంటకు పై గదుల్లో గట్టు వేయించవచ్చు. నెలకూ ఇవ్వవచ్చు. లిఫ్టు పెట్టించే స్తోమత మాత్రం లేదు.

"వాళ్ళకు ఎక్కువ మంది వస్తాండేది మెట్లు లేని రూముకే. ఆ మాటకు పెద్ద కంపెనీల పోటీ కూడా లేదు. మనం ఒక పేజీ పెడితే పైకి రావొచ్చు" అంది అమ్మాయి.

"అయితే రాసెయ్ మే. వచ్చినాక చూసుకుందాం" అంది మరదలు.

"వచ్చినాక యాడ పెడతావమ్మా? మోకాలికి కట్టుతో వచ్చినామెను మూడో అంతస్తుకు ఎత్తుకోని పోతావా?" అన్నాను.

కింద అద్దెకు ఇవ్వదగ్గ గది ఒక్కటే ఉంది, అందులో నేనున్నాను. ముగ్గురూ కంప్యూటరు వైపే చూస్తున్నారు.

"ఆ మాట వదిలెయ్యమ్మా. మిగిలినవి రాయి" అన్నాడు తమ్ముడు. మిగిలినవి చాలవని అమ్మాయి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"నా రూము రాసుకోండి" అన్నాను. సంతోషంగా ఏమీ అనలేదు. దీపం వెయ్యకుండానే చేతికి అన్నీ అందేలా సర్దుకున్న గది అది.

"నీ మోకాళ్ళో అన్నా?"

"దినానికి ఒక తూరి దిగతా, ఒక తూరి ఎక్కతా. నాకింకా ఎవురూ కట్టు కట్లేదులే."

"మేం అడగలేదు బావా" అంది మరదలు.

"అడిగుంటే ఇచ్చేవాణ్ణి కాదు."

పేజీ పెడితే ఎప్పటికి జనం వస్తారని అమ్మాయిని అడిగాను. "రెండు మూణ్ణెల్లు పట్టొచ్చు పెదనాయనా. రాకపోనూవచ్చు" అంది. అబద్ధం చెప్పనందుకు కొంచెం ఊరట కలిగింది. సాయంత్రం తమ్ముడు కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, సంక్రాంతి దాటాక మాట్లాడదామన్నాడు. అవతలివాడు అంతవరకు ఆగుతానని అనలేదు, ఆగనని కూడా అనలేదట.

మరునాడు పొద్దున తమ్ముడూ మరదలూ నా మంచాన్ని మొదటి అంతస్తుకు చేర్చారు. అమ్మాయి గది ఊడ్చి, కిటికీ తెరిచి, వాకిట్లో నిలబడి ఫోను పట్టుకుంది. రోడ్డు మీద నుంచి చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వస్తుందని చూసేవాళ్ళకు తెలియాలంది.

"పెదనాయనా, రవ్వంత పక్కకు జరుగు. గడప కనపడల్లే."

జరిగాను. ఆమె ఫోటో తీసుకుంది. నేను కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. సగంలో కాసేపు నిలబడ్డాను.