కాలువకు అవతలి గట్టు

నిన్న గరాజ్‌లో మా మనవరాలు తన సైకిలు ట్యూబుకి పంక్చరు అతికించి, పైన కాస్త టాల్కం పౌడరు చల్లింది. రబ్బరు వాసన, పౌడరు వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి చేతిలోని బట్టల బుట్ట అక్కడే దించేసి నిలబడిపోయాను. ఆ వాసన నాకు కామేశ్వరిగారి వాసన. ఆవిడ డాక్టరు, మందుల వాసన రావాలి గదా అంటారేమో. ఆవిడ ఇంట్లోకి అడుగుపెడితే ఎప్పుడూ ఇదే వాసన, ఎందుకంటే హాల్లో సోఫా ఉండాల్సిన చోట ఆవిడ సైకిలు ఉండేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మా మనవరాలు ఆవిణ్ణి చూడలేదు, మీరూ చూడలేదు. చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా చెవి సంగతి చెప్పాలి.

చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో నా ఎడమ చెవి పోయింది. ఒక్క చెవితో బతకడం పెద్ద కష్టమేమీ కాదు. మాటలు వినిపిస్తాయి, పాటలు వినిపిస్తాయి. తెలియనిదల్లా ఒకటే, శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. పెళ్ళయి ఇల్లినాయ్‌లోని షామ్‌బర్గ్ వచ్చేదాకా అది నాకొక లోపమనే తోచలేదు. ఇక్కడ రోడ్డు మీద మనుషులు ఉండరు, కార్లే ఉంటాయి. ఒకరోజు కిరాణా కొట్టు ముందు కార్లు ఆపేచోట ఎవరో వెనక్కి తీస్తూ హారన్ కొట్టారు. తప్పుకోవాలని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. పరుగెత్తింది సరిగ్గా ఆ కారుకు అడ్డంగా. అతను బ్రేకు వేశాడు కాబట్టి ఈ కథ ఇలా చెబుతున్నాను. ఆ తర్వాత మావారు పక్కన లేకుండా గుమ్మం దాటడం మానేశాను. పిల్లని లైబ్రరీకి తీసుకెళ్ళాలన్నా శనివారం దాకా ఆగడమే. రోజంతా కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేదాన్ని. జీవితమంతా ఇలా కిటికీ దగ్గరే గడిచిపోతుందేమో, పిల్ల కూడా నన్ను చూసి ఇలాగే తయారవుతుందేమో అని లోపల్లోపల కుమిలిపోయేదాన్ని.

మా అపార్ట్‌మెంటుకి సరిగ్గా కింద ఉండేవారు కామేశ్వరిగారు. కాకినాడ వైపు కాలువ గట్టున పుట్టిన మనిషి. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, దగ్గర్లోని ఆస్పత్రిలో పాథాలజీ డాక్టరు. మంచులో కూడా చెవుల దాకా ఉన్ని టోపీ లాక్కుని సైకిలు మీదే డ్యూటీకి వెళ్ళేవారు. ఎవరింట్లోనైనా భోజనాలకు కలిస్తే మనవాళ్ళు ఆటపట్టించకుండా వదిలేవారు కాదు. “అమెరికా వచ్చి ఈ సైకిలేవిటండీ డాక్టరుగారూ, ఓ కారు కొనుక్కోండి” అంటే, “మీకు కార్లు బాగుండాలి, నాకు మోకాళ్ళు బాగుండాలి” అని గారె మీద గారె వడ్డించుకునేవారు. ఏటా వేసవిలో సైకిలుని విప్పి, పెట్టెలో పెట్టి, ఫ్రాన్స్ వెళ్ళి వచ్చేవారు. ఈఫిల్ టవర్ చూశారా అని అడిగితే, “దానికి గట్టు లేదుగా” అనేవారు.

ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి ఇవ్వడానికి కిందికి వెళితే భోజనాల బల్ల నిండా ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతం మ్యాపు పరిచి ఉంది. నాకు కుర్చీ చూపించి, మ్యాపు మీద వేలు పెట్టారు.

“ఈ నీలం గీత కాలవ. పక్కన సన్నగా ఉందే, అది గట్టు. ఒకప్పుడు సరుకు పడవల్ని గుర్రాలు లాగేవిట. ఆ గుర్రాలు నడిచిన దారి అది. గుర్రాలు పోయాయి, దారి మిగిలింది.”

“కార్లు రావాండీ?”

“కార్లు రావు, ట్రక్కులు రావు. మైళ్ళకి మైళ్ళు చెట్లూ నీళ్ళూ అంతే. మధ్య మధ్య నీళ్ళని ఆపే తలుపులు, లాకులు. అచ్చం మన గోదావరి కాలవ లాకుల్లాగే ఉంటాయే! పక్కనే లాకు కాసేవాడి ఇల్లు, ఇంటి ముందు పూలకుండీలు.”

“మరి వెనకనించి ఏదైనా వస్తే?”

“ఏం వస్తుందే? మహా అయితే బాతు.”

నవ్వాను. వెనకనుంచి ఏదో రావడమన్న మాటకు నేను నవ్వడం అదే మొదలు. ఆవిడ నవ్వలేదు, నా కుడివైపుకి కుర్చీ జరుపుకుని, “నాతో వస్తావా రాజ్యం?” అన్నారు. నాకు అప్పటికి సైకిలు తొక్కడమే రాదు.

మా ఊరికి కొంచెం దూరంలో పాత రైలుదారి ఒకటి ఉండేది. పట్టాలు పీకేసి, సన్నటి రాతిపొడి పరిచి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదిలేశారు. ఆదివారాలు మావారు నన్నూ నా సైకిలునీ అక్కడ దింపేవారు, కామేశ్వరిగారు తన సైకిలు మీదే వచ్చేవారు. పడ్డాను, లేచాను, మోచేతులు గీసుకున్నాను. కొన్నాళ్ళకి నిలదొక్కుకున్నాక కూడా భయం తగ్గలేదు. ప్రతి రెండు నిమిషాలకీ వెనక్కి తిరిగి చూసేదాన్ని, చూసినప్పుడల్లా సైకిలు పక్కకి లాగేది. అప్పుడు ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టారు. నా కుడివైపున, ఒక చక్రం వెనకగా వస్తూ, సామర్లకోట నుంచి రాజమండ్రి దాకా రైలు స్టేషన్ల పేర్లు గట్టిగా చదవడం మొదలుపెట్టారు. బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి, కడియం. రాజమండ్రి చేరితే మళ్ళీ సామర్లకోట. ఎదురొచ్చే అమెరికా వాళ్ళు ఏదో ప్రార్థన అనుకుని తప్పుకునేవారు.

“నా గొంతు వినిపిస్తోందంటే నీ వెనక ఉన్నది నేనే. ఇంకేదీ లేదు. తల తిప్పకు” అన్నారు. రెండు వేసవులు అలా గడిచాయి. ఆ గొంతు ఉంటే తొక్కగలిగేదాన్ని, ఆగితే కాలు కింద పెట్టేసేదాన్ని.

ప్రయాణం ఖాయమయ్యాక మావారు కిందికి వెళ్ళి, “డాక్టరుగారూ, తను హారన్ వింటే ఫ్రీజ్ అయిపోతుందండీ. ప్లీజ్, ట్రాఫిక్‌లోకి మాత్రం తీసుకెళ్ళకండి” అని చేతులు పట్టుకున్నంత పని చేశారు. పిల్లని చూసుకోవడానికి సెలవు కూడా పెట్టారు. నేను మాత్రం విమానం దిగేదాకా ఏదో ఒకటి అడ్డొచ్చి ప్రయాణం ఆగిపోతే బాగుండునని అనుకుంటూనే ఉన్నాను.

ఆగలేదు. ఆవిడ చెప్పినట్టే ఉంది ఆ కాలువ. రెండు వైపులా పొడుగాటి చెట్లు, వాటి నీడ నీళ్ళ మీద. గట్టు మీద దారి ఒకచోట గట్టి మట్టి, ఒకచోట గడ్డి. ఊళ్ళోకి వెళ్ళి రొట్టె కొనుక్కోవడం, మేం తీసుకెళ్ళిన ఆవకాయ అందులో పెట్టుకుని లాకు పక్కన కూర్చుని తినడం, మళ్ళీ తొక్కడం. మొదటి రోజులన్నీ స్టేషన్ల పేర్లతోనే సాగాయి. ఒక ఉదయం ఒక చిన్న ఊరి దగ్గర ఆగాం. నా సైకిలు వెనక చక్రం పైన కట్టిన సంచి జారిపోతుంటే బిగించుకుంటున్నాను. కామేశ్వరిగారు సైకిలెక్కి, “నేను ముందు వెళ్తూ ఉంటా, నువ్వు వచ్చెయ్” అన్నారు. ఎక్కడిదాకా అని నేను అడగలేదు. బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదు గదా. అడిగితే పని చెడుతుందని మా ఇంట్లో, వాళ్ళింట్లో, మన అందరి ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ నూరిపోసిన మాట. నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేసి, సరేనండీ అన్నాను.

కొంచెం ముందు ఒక లాకు ఉంది. అక్కడ సైకిళ్ళ దారి వంతెన మీదుగా అవతలి గట్టుకు మారుతుంది. ఆవిడ మారారు. ఆ సంగతి తెలియని నేను, ఆవిణ్ణి అందుకునే తొందరలో వెనక గొంతు లేదన్నదే మరిచి, ఇవతలి గట్టునే తిన్నగా వెళ్ళిపోయాను. ఎంత తొక్కినా ఆవిడ జాడ లేదు. దారి సన్నబడింది, దురదగొండి మొక్కలు కాళ్ళకు కొట్టుకుంటున్నాయి. దిగి నిలబడ్డాను. ఒళ్ళంతా చెమట. భాష రాని దేశం, పేరు తెలియని ఊరు, వెనక గొంతు లేదు. అప్పుడు “రాజ్యం!” అని వినిపించింది. వెనక్కి తిరిగాను, ఎవరూ లేరు. మళ్ళీ వినిపించింది. ఈసారి ముందు నుంచి అనిపించి గబుక్కున అటు తిరిగితే కాలు గట్టు అంచున జారింది. సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆగాను. నీళ్ళు అడుగు దూరంలో ఉన్నాయి. పిల్ల ముఖం కళ్ళముందుకు వచ్చి ఏడుపు ఆగలేదు.

నన్ను పేరు పెట్టి పిలిస్తే ఎటు తిరగాలో నాకు తెలియదని ఆవిడకు తట్టినట్టుంది. పిలుపు ఆగిపోయి స్టేషన్లు మొదలయ్యాయి. సామర్లకోట, బిక్కవోలు, అనపర్తి, ఆపకుండా, గొంతు చించుకుని. ఆగని శబ్దమైతే తల మెల్లగా తిప్పి, ఎక్కడ గట్టిగా వినిపిస్తే అటే ఉందని పోల్చుకోవచ్చు. అలాగే తిప్పాను. నీళ్ళకు అవతల, చెట్ల మధ్య, ఆవిడ పసుపు పచ్చ టోపీ కనిపించింది.

“వెనక్కి తిప్పు! లాకు దాకా వెనక్కి రా! నేనూ ఇటువైపు నుంచి వస్తున్నా!” అని అరిచారు.

ఆ గట్టున ఆవిడ, ఈ గట్టున నేను, వెనక్కి తొక్కుతూ వచ్చాం. కొంతదూరం పోయాక ఆవిడ వైపు దారి చెట్ల వెనక్కి పోయింది. గొంతు సన్నబడింది, ఆగిపోయింది. కాలు కింద పెట్టబోయాను. పెడితే ఇంక కదలనని నాకు తెలుసు. పెట్టలేదు. చెవిలో ఏమీ లేదు, వెనక ఏముందో తెలియదు, తల తిప్పకుండా తొక్కాను. లాకు వచ్చేదాకా వెనక నుంచి ఏదీ రాలేదు, బాతు కూడా రాలేదు.

ఆవిడ నాకంటే ముందే వచ్చి వంతెన దగ్గర కూలబడి ఉన్నారు. నన్ను చూడగానే కోప్పడ్డారు. “ఎక్కడ ఆగుతారండీ అని ఒక్క మాట అడగొచ్చుగా!”

“బయలుదేరేవాళ్ళని అడగకూడదు కదండీ.”

“నేనైనా చెప్పి చావచ్చుగా” అన్నారావిడ. “నీళ్ళలో పడిపోయావనుకున్నానే” అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. అంత ధైర్యవంతురాలు నా కోసం ఇంత భయపడ్డారే అని నాకు సిగ్గు వేసింది.

తిరిగొచ్చిన మరుసటి ఏడు డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళాను. తప్పాను, మళ్ళీ వెళ్ళాను, పాసయ్యాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి కామేశ్వరిగారు రిటైరై కాలిఫోర్నియాలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నప్పుడు ఓహేర్ విమానాశ్రయంలో నేనే దింపుతానని పట్టుబట్టాను. టాక్సీ బుక్ చేసుకుంటానని ఎంత చెప్పినా వినలేదు. అంత పెద్ద హైవే మీద మావారు పక్కన లేకుండా నేను కారు నడపడం అదే మొదటిసారి.

పక్కన ట్రక్కు వచ్చినప్పుడు చూస్తే, ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

“ఏవైందండీ? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. నువ్వు రోడ్డు చూడు.” కళ్ళు తెరవకుండానే చెప్పారు. “ఈ దేశం వచ్చిన కొత్తలో నేనూ డ్రైవ్ చేసేదాన్నే. ఓసారి స్నోలో కార్ స్కిడ్ అయి, గిర్రున తిరిగి అవతలి లేన్‌లోకి వెళ్ళిపోయింది. ఎవరికీ ఏం కాలేదు. మర్నాడే అమ్మేశాను. అందరికీ మోకాళ్ళని చెప్పాను.”

“మరి నన్నెందుకు లాక్కెళ్ళారు ఆ గట్ల మీదికి?”

“ఒక్కదాన్నీ భయపడి భయపడి విసుగొచ్చిందే. తోడు కావాలనిపించింది.”

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ ధైర్యం చూసి నన్ను నేను తిట్టుకున్నానే అని. ఆ తర్వాత పక్కన ముడుచుకుని కూర్చున్న ఆ పెద్దావిణ్ణి చూస్తే కోపం నిలవలేదు. లేన్ మారకుండా, మెల్లగా నడిపాను. విమానాశ్రయం దగ్గర దిగి, కిటికీలోంచి నా చెంప మీద చెయ్యి వేశారు.

“ఇప్పుడు ఇంటికి ఒక్కదానివీ ఎలా వెళ్తావే?”

“భయపడుతూ వెళ్తానండీ.”

అలాగే వచ్చాను. ఇన్నేళ్ళయినా కారు తాళాలు తీసుకోగానే నా అరచేతులకు చెమట పడుతుంది. అది ఆరేదాకా ఆగితే ఎక్కడికీ వెళ్ళలేను. కోటుకు తుడుచుకుని బయలుదేరతాను.