మంచు మీద కాలుగాలిన పిల్లి

ఐస్ హాకీ మైదానంలో అందరూ ఆయన్ని తలుపు తాత అంటారు. కర్ర అడ్డంపెట్టి అవతలివాళ్ళను పడేసిన ఆటగాళ్ళు రెండు నిమిషాలు అద్దాల గదిలో కూర్చోవాలి. అందాకా వాళ్ళ జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. గడువు తీరాక ఆయన తలుపు తీస్తాడు.

"మా ఆయన కాలుగాలిన పిల్లి. మంచు మీద ఉద్యోగమిచ్చినా ఆ కాలు చల్లారలేదు," అంటుంది భార్య.

ఆరోజు శిక్షపడి లోపలికొచ్చింది సొంత మనవరాలే. పిల్ల బుద్ధిగా కూర్చుంది. బయట ఆమె జట్టు చిత్తవుతుంటే, తాతే గడియ పట్టుకుని గింజుకున్నాడు. ఉండబట్టలేక ముందే తలుపు తీసేశాడు. తెరిచారు కదా అని పిల్ల దూకేసింది. ఈల మోగింది. రిఫరీ ఇంకో రెండు నిమిషాలు వేసి వెనక్కి పంపాడు.

ఈసారి ఆమె బెంచీ మీద కూర్చోలేదు.

"నువ్వు కూర్చో తాతయ్యా. తలుపు నేను తీస్తాలే."