వెండి మీద నల్ల గీత

వేడినీళ్లలో సోడా ఉప్పు పొంగుతోంది. గిన్నె అడుగున పరిచిన అల్యూమినియం రేకు మీద వెండి నాణేలు మెల్లగా తెల్లబడుతున్నాయి. వంటగదంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎల్బీనగర్‌లోని మా ఫ్లాటులో ఏటా దీపావళికి ముందు ఈ కంపు లేస్తుంది, ఎదురింటివాళ్లు తలుపు వేసుకుంటారు. నాకు మాత్రం కమల టీచరు గుర్తొస్తారు. వెండిని నల్లబరిచిన గంధకం వదిలిపోతున్న వాసన అది. మూఢత్వం వదిలేటప్పుడు కూడా కొంత కంపు తప్పదని నేనంటే, "పోలికలు తర్వాత, ముందు కిటికీ తియ్యి" అనేవారు ఆవిడ.

అప్పట్లో మేం కొత్తపేటలో, రైతుబజారు వెనక సందులో ఉండేవాళ్లం. మా పై వాటాలో కిరాయికి దిగిన టీచరుది తెనాలి వైపు. సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవారు. నేను డిగ్రీ చదువుతూ, జాతకాల మీదా బాబాల మీదా చర్చావేదికల్లో గొంతు చించుకుంటున్న రోజులు. ఒకసారి టీచరు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. బయటికొస్తుంటే, "బాగానే మాట్లాడావు. చప్పట్లు కొట్టినవాళ్లలో నిన్న నీతో విభేదించినవాడు ఒక్కడైనా ఉన్నాడా?" అన్నారు.  నాకు కోపం వచ్చింది.

అన్న పెళ్లయిన ఏడాది అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు లక్ష్మి నాణేలు కొన్నది. కొట్టువాడు ఒక్కోదాన్నీ గట్టి ప్లాస్టిక్ బిళ్లలో మూసి ఇచ్చాడు. వరలక్ష్మీ వ్రతం నాడు అమ్మ కత్తెరతో వాటిని కోసి నాణేలను బయటికి తీసింది. "ప్లాస్టిక్‌ల ఉంటే అమ్మవారికి పసుపు కుంకుమ ఎట్ల అందుతయి?" అన్నది. పూజ అయ్యాక వదిన లత నాలుగు నాణేలూ కడిగి, తుడిచి ఇచ్చింది. అమ్మ వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, జారిపోకుండా రబ్బరు బ్యాండు వేసి బీరువాలో దాచింది. నెల తిరిగాక తీసి చూస్తే, పై నాణెంలో లక్ష్మి మొహానికి అడ్డంగా నల్లటి గీత.

"కొత్త కోడలి చెయ్యి పడ్డది, లక్ష్మి మొహం నల్లబడ్డది. ఇగ పూజ సామాన్లు ముట్టకు," అన్నది అమ్మ.

వదిన ఏడవలేదు. సంచి సర్దుకుంది. "ముట్టొద్దన్న ఇంట్ల నేనేం జెయ్యాలె అత్తమ్మా?" అని హయత్‌నగర్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. అన్న నోరు విప్పలేదు. నేను విప్పాను. మూఢనమ్మకాల చరిత్ర మొత్తం వల్లించాను. అమ్మ గిన్నెలు తోమే పొడీ కొబ్బరి పీచూ తెచ్చుకుని, నా వైపు చూడకుండా నాణేన్ని తోమటానికి కూర్చుంది.

నా కేకలు విని టీచరు కిందికి దిగారు. రాగానే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపారు. "తోమకండి అక్కయ్యగారూ. నలుపు పోద్దేమో గానీ వెండి గీరుకుపోద్ది, అమ్మవారి ముక్కు అరిగిపోద్ది." నాణేన్ని అంచుల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని వెలుగులోకి తిప్పారు. తర్వాత మిగతా మూడూ చూశారు. పైదానికీ అడుగుదానికీ మాత్రమే నల్ల గీత ఉంది. మధ్యవాటి మొహాలు తెల్లగానే ఉన్నాయి, అంచులకే కాస్త మసి.

"ఆ పిల్ల నాలుగింటినీ కడిగింది కదా. చెడ్డ చెయ్యైతే మధ్యవాటిని ఎందుకు వదిలేసింది?"

"మరి గట్లెందుకైంది టీచరమ్మా?"

"నేను చెబితే మీరు నమ్మొద్దు. మీరే చూద్దురుగాని."

అమ్మ దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన పాత వెండి రూపాయలు రెండున్నాయి. వదిన వాటిని ఎన్నడూ తాకలేదు. టీచరు రేకు, సోడా తెప్పించి ముందు వాటిని శుభ్రం చేశారు. "వెండిల గుడ్డు కంపేంది? ఇయ్యాల శనివారం," అని అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒక రూపాయికి రబ్బరు బ్యాండు వేయించారు. రెండోదాన్ని ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరని కవరులో, తేమ పీల్చటానికి ఒక సుద్దముక్కతో సహా పెట్టించారు. రెండూ అమ్మ బీరువాలోకే వెళ్లాయి. "తాళం మీ దగ్గరే ఉంచుకోండి. మీవాడికి మాత్రం ఇవ్వకండి, వాదన గెలవటానికి ఏదైనా చేస్తాడు."

మెట్ల మీద ఆవిడను నిలదీశాను. "రబ్బర్ల గంధకం ఉంటదని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద టీచర్. అక్కడ వదిన పరేషాన్ల ఉన్నది."

"చెబితే అది నా మాట అవుద్ది. చూస్తే మీ అమ్మగారి మాట అవుద్ది. మీ వదిన ఈ ఇంట్లో బతకాల్సింది ఎవరి మాట మీద?"

ఆదివారాలు అన్న హయత్‌నగర్ పోయి ఒక్కడే తిరిగొచ్చేవాడు. "అమ్మ పిలిస్తేనే వస్తదంట," అనేవాడు. ఆ వారాలన్నీ నేను పళ్లు కొరుక్కుంటూ గడిపాను.

దీపావళి ముందు అమ్మ బీరువా తెరిచి టీచరును పిలిచింది. ఒక రూపాయికి రబ్బరు అతుక్కుని ఉంది. లాగితే కింద నల్లటి గీత. గుడ్డలోని రూపాయి పెట్టినప్పటిలాగే మెరిసింది. అమ్మ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని మార్చి మార్చి చూసింది. "రబ్బర్ ఏసింది నేనే గద," అన్నది. నేను నోరు తెరవబోయాను. టీచరు నా కాలు తొక్కారు.

అమ్మ చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని హయత్‌నగర్ బస్సెక్కింది. వాళ్ల గుమ్మంలో నిలబడి, "లతా, నాకు కండ్లు ఆనుతలేవు. నాణేలు ఒక్కొక్కటి ఏరుగ సుట్టి పెట్టాలెనంట. ఇంటికి రా, నువ్వే పెట్టు," అన్నది.

"ముట్టొచ్చా అత్తమ్మా?"

"అంచులు పట్టుకొని ముట్టాలె. టీచరమ్మ చెప్పింది."

వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. లోపలికి వెళ్లి సంచి తెచ్చుకుంది.

నేను మెత్తబడ్డానని ఎవరూ అనుకోనక్కర్లేదు. దిష్టి పేరు చెప్పి ఆడపిల్లను గడప దాటించేవాళ్ల మీద నా కలం ఇప్పటికీ నిప్పులే కురుస్తుంది. అయితే కలం పట్టే ముందు, నమ్మనివాడి చేతికి ఏ తాళం ఇవ్వగలనో వెతుక్కుంటాను. టీచరు ఇప్పుడు లేరు. ఆవిడ నుంచి నాకు మిగిలిన విద్య అది.

గిన్నెలోని నాణేలు తీసి, కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాను. దేని గుడ్డ దానికే, దేని కవరు దానికే. సుద్దముక్కలు మార్చాను. గీత పడిన అమ్మ రూపాయిని మాత్రం సోడాలో వెయ్యలేదు. "గా రూపాయి కడగకు, ఉండనియ్," అని అమ్మ అప్పుడే చెప్పింది. వాసన ఇంకా వదల్లేదు. లేచి కిటికీ తీశాను.