మూడో గేటు కర్ర

ఆ శనివారం నేను చూడనిదాన్ని చూసినట్టు రాశాను. అడిగిన మనిషికి నోటితోనూ అదే చెప్పాను.

కోవిడ్ వచ్చిన మొదటి ఏడాది, వేసవి చివర. మేముండే ఊరు లిమరిక్‌కి ముప్పావుగంట దూరంలో, గొర్రెలు మేపుకునే ఒక రైతు కొండవాలు మీద, మా కార్ల క్లబ్బు రెండు రోజుల ట్రయల్ పెట్టుకుంది. మా క్లబ్బు అంటున్నాను గానీ నేను ఏనాడూ పోటీలో కారు నడపలేదు. నాలుగేళ్ళ కిందట ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకతను లాక్కెళ్తే వెళ్ళి మార్షల్‌గా నిలబడ్డాను. అప్పటినుంచి అలాగే నిలబడుతున్నాను.

ట్రయల్ అంటే పరుగు పందెం కాదు. ఎవరు ముందొచ్చారన్న మాటే ఉండదు. గడ్డీ బురదా కలిసిన వాలు మీద కింది నుంచి పైదాకా వెదురు కర్రలు జంటలు జంటలుగా పాతుతారు. ఒక్కో జంట ఒక్కో గేటు. అడుగున పన్నెండో గేటు, అన్నిటికన్నా పైన ఒకటో గేటు. కారు మెలికలు తిరుగుతూ వాటి మధ్య నుంచి ఎక్కాలి. ఎక్కడ ఆగిపోయినా, ఏ కర్రకు తగిలినా ఆ గేటు అంకే స్కోరు. ఆగకుండా, తగలకుండా పైకి చేరితే సున్నా. అందరి తాపత్రయమూ ఆ సున్నా కోసమే. అంకె వేసేది మార్షల్. మార్షల్ వేసిన అంకె మీద వాదన ఉండదు. అది క్లబ్బు కట్టుబాటు.

మామూలుగా వాలుకి ఇద్దరు మార్షల్స్ ఉంటారు. చూడ్డానికొచ్చే జనం ఉంటారు. ఆ ఏడాది జనాన్ని రానివ్వలేదు. మనుషులు తక్కువుండాలని వాలుకి ఒక్కరినే పెట్టారు. నాకు చిట్టచివరి వాలు వచ్చింది. చేతిలో అట్ట, తాడుతో కట్టిన పెన్సిలు, మూతికి మాస్కు. కాగితం చేతులు మారకూడదు కాబట్టి అంకె నేనే రాసుకుని, గట్టిగా అరిచి చెప్పాలి.

అయినా సంబరంగా వెళ్ళాను. ఫిబ్రవరిలో మా ఆవిడ తన చెల్లెలి కాన్పుకని పాపను తీసుకుని హనుమకొండ వెళ్ళింది. విమానాలు ఆగిపోయి అక్కడే ఉండిపోయారు. నేను రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో లాప్‌టాప్ ముందు ఉండిపోయాను. సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ తెర వెనక అమ్మాయి "హౌ ఆర్ యూ?" అంటే, జవాబు చెప్పేటప్పుడు గొంతు పెగిలేది కాదు. ఆ వారంలో మనిషితో ఎదురుగా మాట్లాడడం అదే మొదలయ్యేది. మార్షల్ పని అంటే నాలుగు మానవ ఆకారాలు కనిపించేచోట నిలబడడానికి ఒక అనుమతి.

మధ్యాహ్నం నాలుగున్నరకి ఆఖరి కార్లలో ఒకటిగా ఆ పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు బస్సుల మెకానిక్కు. ముప్పై ఏళ్ళుగా అదే చిన్న పాత కారు, పక్క సీట్లో అదే భార్య. ఈ పోటీలో పక్క సీటు మనిషికీ పని ఉంటుంది. చక్రాలకు పట్టు దొరకాలని సీట్లో ఎగిరెగిరి కూర్చోవాలి. ఆవిడ బక్కపల్చని మనిషి. "నా బరువు చాలదని ఈయన నా ఒళ్ళో బంగాళదుంపల సంచి పెడతాడు" అని నవ్వేది. ఈ చివరి వాలు మీద వాళ్ళకు ఒక్కసారి కూడా సున్నా రాలేదు. నేను మొదటిసారి అట్ట పట్టుకుని బిక్కమొహంతో నిలబడినప్పుడు పని నేర్పింది ఆవిడే. "ముఖాలు చూడకు. చక్రాలు చూడు" అంది. అంతే పాఠం.

ఏప్రిల్‌లో ఆవిడ పోయింది. సమాధి చేసేచోటికి పదిమందినే రానిచ్చారు. మిగతా క్లబ్బు వాళ్ళంతా దారి పొడుగునా కార్లు ఆపుకుని, పక్కన నిలబడ్డారట. నేను వెళ్ళలేదు. ఆఫీసు మీటింగ్ ఉందన్నాను. ఉన్నమాట నిజమే. మానేస్తే అడిగేవాళ్ళు లేరన్నదీ నిజమే. ఆయనకు పంపాలని రాసుకున్న నాలుగు వాక్యాలు ఫోన్లోనే ఉండిపోయాయి.

ఒకే ఇంట్లో ఉండేవాళ్ళే పక్క సీట్లో కూర్చోవచ్చని ఆ ఏడాది నిబంధన. పెద్దాయన పక్క సీట్లో బంగాళదుంపల సంచి ఉంది. దానికి సీటు బెల్టు పెట్టి ఉంది.

అద్దం దించి, "నువ్వు అడక్క ముందే చెప్తున్నా. ఇదీ నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం" అన్నాడు.

నవ్వాలో వద్దో తెలియక చెయ్యి ఊపాను. ఆయన కారు వెనక్కి తీసుకుని వాలు అడుగున నిలబెట్టాడు. అప్పుడే ఫోన్ మోగింది. హనుమకొండ నుంచి వీడియో కాల్. కట్ చెయ్యాల్సింది. ఎత్తాను.

"డాడీ! చూడు, చూడు! పన్ను ఊడింది!"

"చూస్తున్నా బిడ్డా." నా కళ్ళు వాలు మీద ఉన్నాయి. కారు కదిలింది.

"నువ్వు చూస్తలేవు. ఎటో చూస్తున్నవ్."

లిమరిక్ పిల్లల యాస ఇంగ్లీషులో తప్ప జవాబివ్వని పిల్ల, ఆరు నెలల్లో వాళ్ళ అమ్మమ్మలా మాట్లాడుతోంది. అది విని ఉండబట్టలేక ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. వెనక నుంచి మా ఆవిడ గొంతు: "నిద్ర ఆపుకొని నీ కోసమే కూసున్నది. జర మంచిగ చూడు."

తలెత్తేసరికి కారు ఒకటో గేటు దాటి పైన గడ్డిలో ఆగి ఉంది. మూడో గేటు ఎడమ కర్ర నేల మీద పడి ఉంది. ఫోన్ జేబులో పెట్టి, కాగితం మీద మూడు వేసి, "మూడు!" అని అరిచాను.

పెద్దాయన దిగి నడుచుకుంటూ వచ్చి, రెండు మీటర్ల దూరంలో ఆగాడు.

"తగిలిందా?"

ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. "తగిలింది" అన్నాను.

ఆయన వాలు వైపు చూశాడు. "నాకు తెలియలేదే. తగిలితే స్టీరింగ్‌లో తెలుస్తుంది మామూలుగా." నా చేతిలో అట్ట వైపు చూసి, "సరే, చూసేవాడివి నువ్వు కదా. గ్రాండ్" అని వెళ్ళిపోయాడు.

ఈ దేశం వచ్చిన కొత్తలో గ్రాండ్ అంటే ఏదో గొప్ప అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అది మన 'పర్లేదు' లాంటిది. బాగున్నా అదే మాట, బాగాలేకపోయినా అదే మాట, ఇంక అడక్కు అన్నా అదే మాట. ఆర్నెల్లుగా మా ఆవిడ ఎట్లున్నవని అడిగిన ప్రతిసారీ నేను పర్లేదనే చెబుతున్నాను. ఆయన గ్రాండ్ ఏ రకందో నాకు తెలియకపోవడం ఏమీ లేదు.

వెళ్ళి కర్ర మళ్ళీ పాతాను. పొద్దుటినుంచీ చక్రాలు తొక్కి తొక్కి అక్కడ మట్టి గుల్లబారింది. తర్వాతి కారు ఇంకా అడుగునే ఉంది. నేను పది అడుగులు వేశానో లేదో, గాలి విసిరింది. కర్ర నా కళ్ళ ముందే ఒరిగి పడిపోయింది.

పెద్దాయన అప్పటికి కారు దించుకుని కింద పొలం గేటు దగ్గర ఉన్నాడు. అరిస్తే వినపడేది. ఆయన కారు నిజంగానే తగిలిందేమో, ఎవరు చెప్పొచ్చారు అనుకున్నాను. మూడు మంచి స్కోరే కదా అనుకున్నాను. కర్రను ఈసారి లోతుగా దించి, సాయంత్రం కాగితం కింద సంతకం పెట్టి ఇచ్చేశాను.

రాత్రంతా వాన కురిసింది. ఆదివారం పొద్దున టీ పెట్టుకుంటుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"పిల్ల పన్ను చూసినవా నిన్న?"

"చూసిన."

"ఏ పన్ను?"

టీ గిన్నె దించాను.

"పైదా, కిందిదా?"

"పైది."

"కిందిది. నువ్వు ఊ కొడ్తవ్ గని చూడవ్. మొదటిసంది అంతే నువ్వు."

కోపంగా కూడా అనలేదు. అలవాటైపోయిన మనిషిలా అంది. అప్పుడు ఆమెకు కర్ర సంగతి చెప్పాను. విని, "ఆయన భార్య పోయిందని చెప్పినవ్ కదా, ఆయనేనా?" అని అడిగింది. అవునన్నాను. "మరి చూడలే అని చెప్పనీకి ఏమైతది? నోరు పడిపోతదా?" అంది.

గంట ముందే మైదానానికి వెళ్ళాను. పోటీ నడిపే ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. వ్యాన్ వెనక తలుపు తెరుచుకుని కాగితాలు సర్దుకుంటోంది. జరిగింది చెప్పాను. పెన్ను మూత తీసి, నిన్నటి కాగితం వెతికి బయటికి లాగింది.

"మూడు కొట్టేస్తాను. సున్నా మాత్రం వెయ్యలేను. ఎవరూ చూడనిదాన్ని ఎలా వేస్తాను?"

"మళ్ళీ ఎక్కనివ్వచ్చు కదా?"

"ఆయనకు ఇష్టమైతే. ఎందుకు ఎక్కాలో మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పు."

పెద్దాయన కారు అద్దాలు తుడుచుకుంటున్నాడు. సంచి బెల్టుతో సహా సీట్లోనే ఉంది.

"నిన్న మీరు ఎక్కేటప్పుడు నేను చూడలేదు. ఫోన్లో ఉన్నాను. కర్ర పడుంటే తగిలిందన్నాను. తర్వాత అది ఉత్త గాలికే పడింది. అప్పుడు కూడా చెప్పలేదు."

ఆయన తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు.

"అంటే, తగిలిందో లేదో నీకు తెలియదు."

"తెలియదు."

"నిన్న నాకు తెలుసు. నువ్వు చెప్పేదాకా." గుడ్డను కారు మీద పెట్టాడు. "ఇంటికెళ్తూ సమాధి దగ్గర ఆగి ఆవిడకు చెప్పాను కూడా. మూడొచ్చిందే, కొంచెంలో తప్పిపోయిందీ అని."

"నాకు ఈ పని నేర్పింది..."

"తెలుసు. చక్రాలు చూడమని. అందరికీ అదే చెప్పేది."

మళ్ళీ ఎక్కడం ఇష్టమేనా అని అడిగాను. వానకు వాలంతా సబ్బులా ఉందనీ, ఎక్కనంటే మూడు ఉంచమని టీచరును బతిమాలతాననీ అన్నాను.

"ఎవరూ చూడని మూడు నాకెందుకయ్యా?" అన్నాడు.

ఫోన్ నా కారులో వదిలేసి వాలు పక్కన నిలబడ్డాను. ఆయన ఎక్కాడు. పన్నెండు, పదకొండు, పది. ముందు చక్రాలు గడ్డిని కొరుకుతూ వచ్చాయి. ఎనిమిది దగ్గర వెనక భాగం పక్కకు జారి, కర్రకు జానెడు దూరంలో సర్దుకుంది. ఆరు దాటాక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయే గానీ కారు ముందుకు పోవడం లేదు. సీట్లో సంచి బరువుగా కూర్చునుంది. ఎగరలేదు. అయిదో గేటులో కారు ఆగిపోయింది.

"అయిదు!" అన్నాను.

ఆయన అద్దం దించాడు. "అయిదేనా?"

"అయిదే. ఎడమ చక్రం గేటు దాటింది. కుడిది దాటలేదు."

"ఆ. ఇప్పుడు చూసినవాడిలా మాట్లాడావ్." కారు వెనక్కి దించుకోబోతూ ఆగాడు. "నీ అబద్ధమే రెండంకెలు నయం."

మాస్కు వెనక నవ్వాడో లేదో తెలియలేదు. మన్నించమని అడిగాను.

"నా సంగతి వదిలెయ్. ఆ మూడు నిజం కాదని ఆవిడకు మాత్రం నువ్వే వెళ్ళి చెప్పు. నేను చెబితే బడాయి అనుకుంటుంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఫలితాలు క్లబ్బు వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. పెద్దాయన పేరు ఎక్కడో మధ్యలో ఉంది. వాటి కింద నేను రాశాను: శనివారం చివరి వాలు మీద ఆయన ఎక్కినప్పుడు నేను చూడలేదు, మూడు అనేది నేను ఊహించి వేసిన అంకె, ఆయన తప్పు ఏమీ లేదు. హనుమకొండకు ఫోన్ చేసి, పాపను నోరు తెరవమని, కింది పన్ను ఖాళీని నింపాదిగా చూశాను. పక్కన కొత్త పన్ను మొన తెల్లగా కనిపిస్తోంది. అదీ చెప్పాను.

సోమవారం పని అయ్యాక సమాధుల తోటకు వెళ్ళాను. అది చర్చి పక్కనే, రోడ్డు వారన వాలులో ఉంది. రాయి ఇంకా వెయ్యలేదు. చిన్న చెక్క సిలువ, దాని మీద ఆవిడ పేరు, ఎవరో పెట్టి వెళ్ళిన చామంతులు. చుట్టుపక్కల ఎవరూ లేరు. మాస్కు తీశాను. ముందు ఇంగ్లీషులో చెప్పాను, ఆవిడకు తెలియాలని. తర్వాత తెలుగులో చెప్పాను, నాకు తెలియాలని. మొన్న ఆయన చెప్పిన మూడు నేను వేసింది. నిజం కాదు. సున్నా అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. నేను చూడలేదు.

ఏప్రిల్‌లో పంపని నాలుగు వాక్యాలు కూడా ఫోన్ తీసి చదివాను.

ఆ తర్వాత నేను చూసింది చెప్పాను. ఆదివారం, వానలో తడిసిన వాలు మీద, పన్నెండో గేటు నుంచి అయిదో గేటు దాకా, ఒక్కో చక్రం.