మస్తాన్ చేతులు

నవంబరు మొదటి వారంలో మంచుకొండల మీది సైనిక పోస్టుకు చేరాం. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. మిట్టమధ్యాహ్నం కూడా సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన. ఒకే ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్వు, ఎనిమిది మందిమి. నేను నర్సింగ్ అసిస్టెంటును, మాది బాపట్ల. రేడియో ఆపరేటర్ మస్తాన్‌ది రేపల్లె, టైలర్ల ఇల్లు. అక్కడ తెలుగువాళ్లం మేమిద్దరమే.

"ఏంటన్నా, ఊపిరాడుతోందా?" అని పొద్దున్నే పలకరించేవాడు.

జనవరిలో ఒకరోజు ఉదయం తొమ్మిదిన్నరకు యాంటెన్నా మీది మంచు దులపడానికి వెళ్లాడు. పై వాలులోని మంచు జారి వాణ్ణి కప్పేసింది. తవ్వి తీయడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. నాడి లేదు. మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను.

"బతికున్నాడా?" అని రేడియోలో కింది బేస్ అడిగింది.

"ఇంకా తెలీదు" అన్నాడు పోస్ట్ కమాండర్.

ఆరో నిమిషంలో ఊపిరి అందుకున్నాడు. ఒంటిగంటకు హెలికాప్టర్ వచ్చింది.

మార్చిలో నా డ్యూటీ ముగిసింది. కిందికి దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. మస్తాన్ మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి చాచబోయాడు. అది ఎగిరిపడింది. పక్కనున్న పాలగ్లాసు గోడకు తగిలింది.

డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పారు. గాలి అందని ఆ కాసేపట్లో మెదడు దెబ్బతింది. ఇప్పుడు అక్కడి కణాలు చిన్నదానికే అతిగా రేగిపోతున్నాయి. చెయ్యి కదపాలనుకోగానే సంకేతాలు అదుపు లేకుండా దూసుకొస్తాయి, కండరాలు ఎగిరెగిరి పడతాయి. కదలకపోతే ఏమీ ఉండదు. మందులతో తగ్గుతుందేగానీ పూర్తిగా పోదన్నారు.

"పట్టుకుందామనే అనుకుంటానన్నా," అన్నాడు మస్తాన్. "అదే విసిరేస్తుంది."

సెప్టెంబరులో వాణ్ణి ఇంటికి పంపేశారు. తోడుగా నేను వెళ్లాను. తెనాలిలో రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తినిపిస్తుంటే వాడు కాళ్లు ముడుచుకోబోయాడు, అవి ఎగిరిపడటం పక్కన కూర్చున్న పెద్దావిడ చూసింది.

"పొద్దున్నే తాగొచ్చాడా బాబూ?"

"లేదండి," అన్నాను. ఇంకా చెప్పబోతుంటే మస్తాన్ ఆపాడు.

"వద్దులే అన్నా. అనుకోనీ."

రేపల్లెలో వాళ్ల నాన్న మిషను ముందు నుంచి లేచి వచ్చారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా కొడుకుని బతికించావంట కదా నాయనా."

వాడి భార్య పది నెలల పాపను చాప మీద దింపింది. వాడు పోస్టులో ఉండగా పుట్టింది. ఆసుపత్రి అంత దూరం కావడంతో వాడు ఫొటోల్లో తప్ప చూడలేదు. పాప పాక్కుంటూ వచ్చి, వాడి మోకాలు పట్టుకుని లేచింది.

"ఎత్తుకోండి, మీ అమ్మాయే," అంది ఆమె.

"నువ్వే తీసుకో. పడేస్తాను."

నేను రిటైరయ్యాను. ఎంతమందిని కాపాడారని మా ఊళ్లో అడుగుతుంటారు. నాకు ఆ చాపే కనిపిస్తుంది. పాప రెండు చేతులూ పైకెత్తి ఎదురుచూస్తోంది. మస్తాన్ తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చున్నాడు.