సారు రాసుకున్న నా మాటలు

ఇంగ్లీషు సారు పోయాడని నారాయణఖేడ్ బస్టాండులో మనూర్ ఆటో అతను చెబితే నేను నమ్మలేదు. వాళ్లింటికి ఫోన్ చేసి, ఏడుపు విన్నాకే నమ్మాను. ఆత్మలను పరీక్షించమంది బైబిలు వాక్యం; నేను మనుషులనూ పరీక్షిస్తాను. సారును ఏళ్ల తరబడి పరీక్షించాను.

నేను బోధకుణ్ణే గానీ బడిలో నిలిచినవాణ్ణి కాదు. ఇంగ్లీషులో వాక్యం చదవాలన్న పంతంతో, రిటైరైన సారు వాకిట్లో కూర్చున్నాను. ఆదిలోనే, తోటలో పెట్టిన మనిషికి దేవుడు అప్పగించిన 'కీప్' అనే పని దగ్గర ఇరుక్కున్నాను.

"కీప్ అంటే ఏంది సారూ?"

"నాకేమెరుక? లోకం ఎట్ల వాడుతుందో ఏరుకొని రా, గప్పుడు చెప్త."

అర్థం చేతిలో పెట్టే మనిషి కాదు. మందు డబ్బా మీద ఒకటి, లారీ వెనక ఒకటి, దవాఖాన గోడ మీద ఒకటి రాసుకొచ్చాను. పిల్లలకు అందకుండా ఉంచమని ఒకచోట, ఎడంగా రమ్మని ఒకచోట, నోరు మూసుకోమని ఇంకోచోట. అన్నిటికీ ఒకే మాటా? బోరంచ పోచమ్మకు మొక్కే ఈయన నన్ను ఆడిస్తున్నాడేమో! చాటుగా దవాఖాన నర్సమ్మను అడిగి సరిచూసుకునేవాణ్ణి. సారుకు అదీ తెలుసు.

"ఏమయ్యా బోధకా, నర్సమ్మ ఏమన్నది? నేను పాసా, ఫెయిలా?"

పోయిన ఏడు ఆయన మా ప్రార్థనకు వచ్చి, చివరి బల్ల మీద కూర్చుని, నేను మాట్లాడుతుంటే నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు. మూడో వారం నాకు ఒళ్లు మండింది.

"మన నడుమ ఒక శాస్త్రి కూసున్నడు! ప్రభువు మాటల్ల తప్పులు ఏరినట్టు నా తప్పులు ఏరుతుండు!" అని మైకులోనే అరిచాను.

సారు పుస్తకం మూసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేనూ ఆయన వాకిలి తొక్కలేదు.

సారును మట్టి చేసిన మర్నాడు సారు భార్య ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. ఎర్రగీతల కోసం పేజీలన్నీ తిప్పాను. ఒక్కటీ లేదు. 'ఇచ్చిన మాట నిలుపుకోండి', 'పక్కోని గొర్రెను గూడ కాయండి', 'కడుపుల కోపం ఉంచుకోకండి'... అన్నీ నా మాటలే. పక్కన ఇంగ్లీషులో, ప్రతిచోటా కీప్.

"ఎందుకు రాసిండమ్మా?"

"నీకు పాఠం చెప్పనీకే అన్నా. నీ మాటతోని చెప్తె నీకు నమ్మకం కుదుర్తదన్నడు. నువ్వు తిట్టినంక గూడ రోడ్డవతల నిలబడి మైకుల ఇన్నడు."

నా పాడుబుద్ధి అదీ నమ్మలేదు. చివరి పేజీలు చూశాను. అరచేతి మీద పెట్టి రాసినట్టు అక్షరాలు వంకరపోయాయి. ఆఖరి మాట సగంలో ఆగింది.

ఆ పేజీ మీద తేదీ వేసిన ఆదివారం, సరిగ్గా ఆ మాట దగ్గరే, మా మైకు ఖరాబైంది.