మా స్టాఫ్ మనిషి

నా చిన్నప్పుడు మేమున్న బొగ్గుబావుల కాలనీలో క్వార్టర్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఒక ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ములు వచ్చేవి. మా గోడ అవతల ఒక హెడ్ కానిస్టేబుల్, అతని భార్య ఉండేవారు. ఆమెను నేను పక్కింటి అక్క అనేదాన్ని. అక్కకు చదువు రాదు. మేం అవ్వా అని పిలుచుకునే మా అమ్మకూ రాదు. మా నాన్న, బాపు, వేలిముద్ర వేసేవాడు. ఐదో తరగతి చదువుతున్న నాకే నాలుగు అక్షరాలు తెలుసు.

ఒక ఎండాకాలం మా లైను చివర ఉండే బావి కార్మికుడొకాయన తాగి వచ్చి భార్యను కొట్టాడు. ఈ హెడ్డే అతన్ని చొక్కా పట్టి బయటికి లాగి, అందరి ముందూ లాఠీతో బాదుతూ స్టేషన్‌కు నడిపించాడు. "ఆడిదాని మీద చెయ్యి లేపుతవార?" అని అరిచాడు. కాలనీ అంతా మెచ్చుకుంది. నేనైతే చప్పట్లు కొట్టాను.

నెల తిరక్కముందే ఒక పొద్దున గోడ అవతలి నుంచి అక్క కేక వినపడింది. అవ్వ వెనకే నేనూ పరుగెత్తాను. అక్క ఎడమ చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. యూనిఫాం ఇస్త్రీ మడత చెడిందట. హెడ్డు అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు.

అవ్వ దవాఖానలో కట్టు కట్టించి, అక్కడి నుంచి అక్కను నేరుగా స్టేషన్‌కే తీసుకుపోయింది. నన్నెందుకు వెంట రమ్మందో నాకప్పుడు తెలియలేదు. మేం వెళ్లేసరికి హెడ్డు అక్కడ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. విరిగిన చేతితో ఉన్న అక్కను కూర్చోమన్నవాళ్లు లేరు.

ఎస్సై అంతా విని నవ్వాడు. "ఆలుమొగలన్నంక ఇసొంటియి అయితయమ్మా. ఇంటికి పోండ్రి."

"మొన్న మా లైన్ల మనిషిని గీ సారే కొట్టుకుంట తెచ్చిండు గద," అంది అవ్వ. "గాయన మీద కేసు రాసిన్రు. గీయన మీద గూడ రాయుండ్రి."

"గాయన ముచ్చట వేరు. ఈయన మా స్టాఫ్ మనిషి."

కులం పేరో ఇంటి పేరో చెప్పినంత సులువుగా అన్నాడామాట. అవ్వ కదలలేదు. చివరికి అతను విసుక్కుని, ఫిర్యాదు రాయమని స్టేషన్లో కాగితాలు రాసే రైటరుకు చెప్పాడు. రైటరు గుండ్రటి అక్షరాలతో సగం పేజీ నింపి, ఇంకు ప్యాడు ముందుకు తోశాడు. అక్క బొటనవేలికి ఇంకు అంటింది. అవ్వ చప్పున కాగితం లాగి నా చేతిలో పెట్టింది.

"సదువు బిడ్డా. అందరికి ఇనవడేటట్టు సదువు."

కాగితం పైకెత్తి చదివాను. "నేను బట్టలుతుకుచుండగా బండపై కాలు జారి పడినందున నా ఎడమ చేయి విరిగినది. ఇందులో ఎవరి తప్పును లేదు."

బెంచీ మీద కూర్చున్న జనమంతా తలలెత్తారు. రైటరు కిటికీలోంచి బయటికి చూశాడు. హెడ్డు మాత్రం చాయ్ చప్పరిస్తూనే ఉన్నాడు. అవ్వ తన కొంగుతో అక్క వేలి మీది ఇంకు తుడిచి, గుమ్మం దాటాక తూ అని ఉమ్మింది.

ఆ తర్వాత న్యాయం జరిగిందని చెప్పాలనే ఉంది. జరగలేదు. జిల్లా పోలీసు పెద్దసారుకు అవ్వ నాతో ఉత్తరం రాయించింది. హెడ్డును పక్క ఊరికి బదిలీ చేశారు, అంతే. రెండేళ్లకు ప్రమోషన్ కొట్టి, భుజం మీద చుక్కతో తిరిగొచ్చాడు. ఆ బావి కార్మికుడు మాత్రం ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగాడు. అక్క ఖానాపూర్ దగ్గరి పుట్టింటికి వెళ్లిపోయింది. చెయ్యి వంకరగానే అతుక్కుంది. నేను కొట్టిన చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

ఈ రోజుల్లోనూ పేపర్లో ఒక పోలీసు చేసిన ఘోరం కింద 'శాఖాపరమైన విచారణ' అన్న మాట కనపడితే నాకు ఆ ఎస్సై మాటే గుర్తొస్తుంది. అదే పని కూలివాడు చేస్తే తెల్లారేసరికి ముసుగేసి ఫొటో దించుతారు.

చదువు రాని ఆడవాళ్లు ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మా గడపకొస్తారు. నేను ఏ కాగితాన్నీ మనసులో చదవను. ఆమెకూ, పక్కవాళ్లకూ, అది రాసినవాడు అక్కడుంటే వాడికీ వినపడేలా చదువుతాను.